ముందు గోడ ఊరిది, వంటిల్లు మనది

బాత్ నగరానికి వచ్చే మన సంఘం మిత్రులు ముందుగా రోమన్ స్నానఘట్టాలు చూస్తారు. తరువాత కొండెక్కి, రాయల్ క్రెసెంట్ ముందున్న పచ్చికలో కూర్చుని పులిహోర పొట్లాలు విప్పుతారు. ఎదురుగా నెలవంక ఆకారంలో 30 ఇళ్ళు, 114 స్తంభాలు, అంతా తేనెరంగు రాయి. 1767లో మొదలై 1774లో పూర్తయిన ఈ వరస చిన్న జాన్ వుడ్ అనే వాస్తుశిల్పి సృష్టి. వచ్చినవారు ఫొటోలు తీసుకుని అటునుంచి అటే వెళ్ళిపోతారు. ఒకసారి ఆ ఇళ్ళ వెనకవైపు కూడా చూడవలసిందని మా మనవి.

వెనక ఒక ఇంటికీ మరో ఇంటికీ పొంతన ఉండదు. ఒకటి ముందుకు పొడుచుకు వస్తుంది, ఒకటి వెనక్కి తగ్గుతుంది. కిటికీలు ఒక ఎత్తున ఉండవు, కప్పులు ఒక వాలున ఉండవు. కారణమేమంటే, వుడ్ అందరికీ కలిపి గీసింది ముఖభాగం. అందులో కొంత మేర కొనుక్కున్నవారు దాని వెనక ఇంటిని తమ సొంత మేస్త్రీల చేత, తమ కుటుంబానికి తగినట్టు కట్టించుకున్నారు. ముందు గోడ ఊరిది, లోపలి ఇల్లు ఎవరిది వారిది. రెండు వందల యాభై ఏళ్ళుగా ఈ ఊరి ధర్మం ఇదే.

మేము ఇదే ఊళ్ళో, ఇంత ఘనమైనది కాని వీధిలో, ఆ కాలపు ఇల్లే ఒకటి కొన్నాము. సన్నగా, పొడుగ్గా, నాలుగు అంతస్తులు. వంటగది కొత్తగా చేయించాలి. దుకాణాల్లో తయారుగా దొరికే బీరువాలు ఇటువంటి ఇంట్లో ఇమడవు. ఏ గోడా నిటారుగా ఉండదు, ఏ మూలా మట్టానికి రాదు. దర్జీకి ఒళ్ళు కొలిపించుకున్నట్టు, వడ్రంగిని పిలిచి గది కొలిపించాము.

అసలు వంటగది ఎక్కడ ఉండాలన్నది మొదటి చిక్కు. ఆ కాలపు ఇళ్ళలో వంట కింది అంతస్తులో. బాత్‌లో వీధులను చాలాచోట్ల కమానుల మీద ఎత్తుగా కట్టారు. కనుక ఆ అంతస్తు వీధివైపు నుంచి పాతాళం, పెరటివైపు నుంచి తోటకు సమానం. అక్కడ వంటమనిషీ పనిపిల్లా రోజంతా నిప్పు ముందే. మాంసం కాల్చే చువ్వ తిరగడానికి గోడకు బిగించిన చక్రంలో కుక్కను పరుగెత్తించిన రోజులవి. వాసన, వేడి, చప్పుడు మేడమీద తెలియకూడదు. పైకి వెళ్ళేది భోజనం, కిందికి వచ్చేది గంట మోత. క్రెసెంట్‌లో 1వ నంబరు ఇల్లు 1970 నుంచి మ్యూజియం. అందులోని వంటగది చూస్తే ఇదంతా కళ్ళకు కడుతుంది.

మా అత్తగారు ప్లాను చూసి ఒకే మాట అన్నారు: "అయితే నన్ను కిందికి దింపేస్తున్నారన్నమాట."

ఆవిడ ఒంగోలు దగ్గర పల్లెలో ముప్పై ఏళ్ళు పెరటివైపు చీకటి వంటింట్లో కట్టెపొయ్యి ముందు గడిపారు. వసారాలో అందరి నవ్వులూ వినబడేవట, పొయ్యి దగ్గరికి మాత్రం ఎవరూ వచ్చేవారు కారట. సిగరెట్టు ముట్టని ఆడవాళ్ళకు కూడా ఏళ్ళ తరబడి కట్టెల పొగ పీలిస్తే ఊపిరితిత్తులు శాశ్వతంగా దెబ్బతింటాయి. వైద్య కళాశాలలో ఆ పాఠం చదవకముందే ఆవిడ దగ్గు మాకు పరిచయం. ఆవిడ అన్న మాట అందుకే ముల్లులా గుచ్చుకుంది.

వంటగదిని పై అంతస్తుకు తెద్దామా అని ఆలోచించాము. అక్కడి కప్పుకు సున్నపు పూలపని, కిటికీలకు పాత చెక్క తలుపులు. నీటిగొట్టాలూ పొగగొట్టమూ తేవాలంటే వాటిని తొలవాలి. మా ఇల్లు రక్షిత కట్టడాల జాబితాలో ఉంది. ఆ రక్షణ ముఖభాగంతో ఆగదు, లోపలికీ వర్తిస్తుంది. అనుమతి లేకుండా ఇంటి స్వరూపం మార్చడం ఈ దేశంలో నేరం. చివరికి వంటగదిని ఉన్నచోటే ఉంచి, భోజనాల బల్లను, పిల్లల చదువు బల్లను, వాలుకుర్చీని కూడా కిందికే దించుతున్నాము. మనుషులుండే గదీ వంట చేసే గదీ ఒకటే. పైన అతిథుల కోసం ఒక గది ఉంటుంది, అది చాలు.

పొగ సంగతికి పాత ఇల్లే దారి చూపింది. వెనకటి పొయ్యి గూడు మనిషి నిలబడేంత ఉంది. కొత్త పొయ్యి అందులోనే. పైన గాలి లాగే హుడ్, దాని గొట్టం పాత పొగగూటిలోంచి కప్పు మీదికి. రాతిగోడకు కొత్త చిల్లు అక్కరలేదు. గాలిని బయటికి పంపే హుడ్ సెకనుకు కనీసం 30 లీటర్లు లాగాలని ఇక్కడి నిబంధన. ఎండుమిరపకాయల పోపుకు అదేం సరిపోతుంది? అంతకు మూడింతలు లాగేది ఎంచుకున్నాము. పొయ్యి ఇండక్షన్‌ది, గ్యాసు మండినప్పుడు పుట్టే నైట్రోజన్ డయాక్సైడు బెడద ఉండదు. ఇనప పెనం దానిమీద బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఇత్తడి గిన్నెలకు మాత్రం సెలవు.

ఇక్కడ వంటగట్ల ఎత్తు మామూలుగా 90 సెంటీమీటర్లు. మా అత్తగారు 148 సెంటీమీటర్ల మనిషి. పనిచేసే గట్టు మోచేతికి 10, 15 సెంటీమీటర్లు కిందుగా ఉంటే భుజాలకు శ్రమ తగ్గుతుంది. అందుకని ఒక గట్టు అచ్చంగా ఆవిడ కోసం 80కి దించాము. వడ్రంగి రెండుసార్లు అడిగి మరీ రాసుకున్నాడు.

గట్టు మీది రాయికి పాలరాయి చూపించారు. పాలరాయి సున్నపు జాతిది, చింతపండు పులుసు పడితే మచ్చ తేలుతుంది. గ్రానైటే నయమని వెతికితే, నల్లటి పలక మీద బంగారు చుక్కలున్న రాయి కనిపించింది. ఈ రాయి పుట్టిల్లు ప్రకాశం జిల్లా చీమకుర్తి. ఆ సంగతి చెబితే మా అత్తగారు పలక మీద చెయ్యి వేసి, "మా ఊరి పక్క రాయికి ఇంత ఖరీదా!" అని బేరమాడబోయారు.

ఇక రంగు. 1970 దశకంలో క్రెసెంట్‌లో 22వ నంబరు ఇంటావిడ తన వీధి తలుపుకు పసుపు రంగు వేయించారు. మిగతా తలుపులన్నీ తెలుపు. మార్చమని నగరపాలక సంస్థ నోటీసు ఇచ్చింది. ఆవిడ పట్టు విడవలేదు. వ్యవహారం మంత్రిగారి దాకా వెళ్ళి, తలుపు పసుపుగానే ఉండవచ్చని తీర్పు వచ్చింది. గడపకు పసుపు రాసే ఇళ్ళలో పుట్టినవాళ్ళం, ఈ కథ మాకెంతో నచ్చింది.

మా వీధి తలుపు రంగు జోలికి మేము పోలేదు. గోడలకు తెల్లసున్నమే. కాని బీరువాలు గోడకు తగిలించకుండా విడిగా నిలబడే సామాను, వాటి రంగు మా ఇష్టం. రంగుల కార్డులు ముందు పరిస్తే అత్తగారు వాటిని పక్కకు నెట్టి, పసుపు డబ్బా తెచ్చి, చిటికెడు తడిపి తెల్లకాగితం మీద రాశారు. వడ్రంగి ఆ కాగితాన్ని జేబులో పెట్టుకుని వెళ్ళాడు.

అనుమతి వచ్చింది, చెక్క పని సాగుతోంది. ఈసారి క్రెసెంట్ చూడడానికి వచ్చే మిత్రులు వెనకవైపు కూడా చూసి మా ఇంటికి రావాలి. వీధి మెట్లెక్కి గంట కొట్టనక్కరలేదు. తోటవైపు తలుపు తీసే ఉంటుంది, నేరుగా వంటింట్లోకే రావచ్చు.