ఇంటి మాటలు మాత్రమే

ఉత్తరము వ్రాయుటకు అనుమతి నిచ్చి, వ్రాయదగిన మాటను నిషేధించిన ప్రభుత్వ మొకటి మన దేశమున నుండెను. 1942 ఆగష్టు 9వ తేదీ వేకువను బొంబాయిలో కాంగ్రెసు నాయకులను బంధించిరి. అహమ్మదునగరు కోటలో నుంచబడిన పండ్రెండుగురిలో మన భోగరాజు పట్టాభిసీతారామయ్యగా రొకరు. తొలివారములలో వారికి పత్రికలు లేవు, జాబులు లేవు. పిమ్మట నొక వెసులుబాటు కలిగినది: బంధువులకు మాత్రమే వ్రాయవచ్చును, ఇంటి మాటలు మాత్రమే వ్రాయవచ్చును, రాజకీయము కూడదు.

మేము అద్దంకిలో పిల్లలకు లేఖారచన నేర్పువారము. ఆ నిబంధననే మా తరగతి కొకనాడు అభ్యాసముగా నిచ్చితిమి: నీ తండ్రి 1942లో చెరయం దున్నాడు, ఇంటి మాటలు మాత్రమే వ్రాయుము. ఒక బాలిక మిరపకాయల ధరతో మొదలిడి కలము నిలిపినది. ధర మారినది యుద్ధమువలననే కదా, వ్రాయవచ్చునా యని యడిగినది. నిజమే. బర్మా జపానువారి వశమై అచ్చటి బియ్యము రాకుండుట వంటయింటి మాటయా, దొరతనపు మాటయా? ఆ యేడు ఏప్రిలు 6న కాకినాడపై బాంబులు పడినవి. అచ్చట మేనత్త యున్నచో ఆమె క్షేమ మడుగుట యే కోవలోనిది? తీర్పు చెప్పువాడు సెన్సారు అధికారి, మేము కాము.

పూనాలో ఆగాఖాను భవనమున నిర్బంధింపబడిన గాంధీగారు ఆ వెసులుబాటునే వలదనిరి. వారికి ఆశ్రమవాసులును బంధువులే. ఇక ఆజాదుగారి భార్య 1943 ఏప్రిలులో కలకత్తాలో మరణించినది. ఇంతకన్న ఇంటి మాట యేమున్నది? కడసారి చూపునకై సర్కారు నర్థించుట కాయన యొల్లలేదు. ఒక మిత్రునకు జాబులు వ్రాసి, పంపక, తనయొద్దనే యుంచుకొనిరి. అవి 1946లో గ్రంథమైనవి. సయ్యదు మహమూదుగారు మాత్రము 1944లో వైస్రాయికి వ్రాసి విడుదల పొందిరి. దానికి పలువురు నొచ్చుకొనిరి. మేమాయనను నిందింపము, రెండేండ్లు గోడల నడుమ నుండనివారికి ఆ హక్కు లేదు.

పట్టాభిగారి బాధ వేరు. వైద్యవృత్తిని విడిచి, 1923లో ఆంధ్రా బ్యాంకును స్థాపించి, సభలలో మాటలాడుటయే బ్రతుకుగా చేసికొన్నవారు. 1939లో కాంగ్రెసు అధ్యక్షపదవికి సుభాస్ చంద్రబోసుతో పోటీచేసి ఇన్నూటికి పైబడిన ఓట్లతో ఓడిరి. ఆ యపజయము తనదే యని గాంధీగారు ప్రకటించిరి. అది ఓదార్పో, రెండవ గాయమో! మనిషి కష్టపడి సంపాదించుకొన్న ఓటమిని గూడ మరియొకరు తీసికొనుట చిన్న విషయము కాదు. మూడేండ్లు గడిచినవి, కోట తలుపు మూసికొన్నది. అరువదిరెండవ యేడు, చెప్పవలసిన దెంతో యున్నది, వినువారు పదునొకండుగురు. ఆయన నోటుపుస్తకముల నాశ్రయించిరి. వాటికి చిరునామా యక్కరలేదు, బంధుత్వము నిరూపింప నక్కరలేదు. అందలి వ్రాతలు 1946లో ‘ఫెదర్స్ అండ్ స్టోన్స్’ అను పేర వెలువడినవి. ఈకలు, రాళ్లు! సెన్సారువాడు త్రాసు పట్టుకొని కూర్చున్న కాలమున తేలికదానిని బరువుదానిని ఒక్కచోటనే మూటగట్టిన పే రది.

1948లో టండనుగారిపై గెలిచి జయపుర కాంగ్రెసునకు పట్టాభిగారు అధ్యక్షులైరి. తొమ్మిదేండ్లనాడు చేజారిన పీఠమే. అప్పటికి అధికార మంతయు ఢిల్లీలోని మంత్రివర్గమునకు తరలిపోయి యుండెను.