నాన్నగారి గడియారం - నా అబద్ధం

ముప్పదేండ్లకు పైగా బడిలో సంధులూ సమాసాలూ చెప్పినవాడిని, నేడు గడియారపు మరను గురించి వ్రాయబూనడం మీకు వింతగా తోచవచ్చు. కాస్త ఓపికతో చదువగోరుతాను.

మా నాన్నగారు 1976లో కొనుక్కున్న హెచ్.ఎం.టి. జనతా నా దగ్గరున్నది. జపానుకు చెందిన సిటిజన్ సహకారంతో 1961లో బెంగుళూరులో ఆ గడియారాల తయారీ మొదలైంది. ఆ గడియారాల సంస్థను మూసివేయాలని కేంద్రప్రభుత్వం 2016లో నిర్ణయించింది. దీనికి బ్యాటరీ లేదు, దినమూ కీ ఇవ్వాలి. నాన్నగారు రేడియోలో ఉదయపు వార్తల వేళకు ముళ్ళు సరిచూసుకొని కీ ఇచ్చేవారు. ఆయన పోయిన తరువాత ఆ పని నాదైంది.

మొన్న వేసవిలో సమయం సరిచేయబోగా కీ బొడిపె, దాని స్టెమ్‌తో సహా చేతిలోకి ఊడివచ్చింది.

స్టెమ్ అంటే బొడిపె నుండి లోపలికి పోయే సన్నని ఉక్కు కాడ. దాని మెడ చుట్టూ ఒక గాడి ఉంటుంది. సెట్టింగ్ లివర్ అనే చిన్న రేకు ఆ గాడిలో కొన ఉంచి కాడను పట్టి ఉంచుతుంది. కాడను బయటికి లాగితే లివర్ తిరిగి, పక్కనున్న మరొక రేకును నెడుతుంది. ఆ రేకు, కాడ మీద జారే పళ్ళచక్రాన్ని కీ ఇచ్చే చక్రం నుండి విడదీసి, ముళ్ళను త్రిప్పే చక్రానికి తగిలిస్తుంది. ఆహార, విహార, ప్రహారాలలో ధాతువొకటే అయినా ఉపసర్గను బట్టి అర్థం మారినట్లు, కాడ ఒకటే, స్థానాన్ని బట్టి పని వేరు.

ఇదంతా తరువాత తెలిసింది. లివర్‌ను పట్టి ఉంచే స్క్రూ ఏళ్ళ తరబడి వాడకంలో వదులైనది, అంతే. కాడను లోపలికి నెట్టి, స్క్రూను కాస్త బిగిస్తే సరిపోయేది. నేనేమో కుట్టుమిషను స్క్రూడ్రైవరు పుచ్చుకొని వ్యతిరేక దిశలో నాలుగు చుట్లు త్రిప్పాను. లోపల ‘టిక్’మని ఏదో జారింది. ఆపైన కాడ దూరినా నిలువదు, ముళ్ళు కదలవు.

బజారులోని గడియారాల మెకానిక్ వద్దకు పోయాను. ఆయన కంటికి అద్దం తగిలించి చూసి, “స్క్రూ గాటు చెదిరిపోయిందండి. ఎవరు విప్పారు మాస్టారూ?” అన్నాడు.

“ఎప్పుడో, పాత మెకానిక్ అయివుంటాడు” అన్నాను.

ఆయన కాసేపు పలుకలేదు. “నాకు ముందు ఈ ఊళ్ళో ఉన్నది మా గురువుగారొక్కరేనండి. ఆయన చెయ్యి ఇలా ఉండదు” అన్నాడు మెల్లగా. గోడ మీద దండ వేసిన ఫొటో ఒకటి ఉన్నది.

అబద్ధమాడిన పిల్లలను బెంచీ ఎక్కించినవాడిని. చనిపోయిన గురువు మీద, ఆయన శిష్యుని ఎదుటనే నింద మోపాను. “విప్పింది నేనేనండీ, క్షమించండి” అన్నాను. గొంతు పెగలలేదు.

ఆయన తల ఊపి, ముళ్ళూ డయలూ విప్పి, జారిన లివర్‌ను పట్టకారుతో యథాస్థానంలో కూర్చి స్క్రూ బిగించాడు. ముప్పావుగంట పట్టింది. “స్టెమ్ తీయాలంటే కొంచెం కొంచెంగా వదులు చేసి చూసుకోవాలండి. అంతకు మించి తిప్పితే లివర్ విడిపోతుంది” అని మాత్రం చెప్పాడు. అడిగినదానికంటె ఎక్కువ ఇవ్వబోతే తీసుకోలేదు.

ఇప్పుడు రోజూ కీ ఇచ్చేటప్పుడు నాన్నగారితో పాటు నేనెన్నడూ చూడని ఆ గురువుగారు కూడా గుర్తుకువస్తున్నారు.