స్కైలాబ్‌కు జుర్మానా

ఆజంజాహి మిల్లులో రాత్రి షిఫ్టు దిగి పెద్దబాపు మట్టెవాడకు వచ్చేసరికి, మా గల్లీ సగం బల్దియా నల్లా దగ్గర బిందెలతో వరుస కట్టి ఉండేది. తలనిండా దూది నలుసులు, ఒంటిమీద మిల్లు నూనె వాసన, చంకలో పేపరు. కాళ్లు కడుక్కొని అరుగు మీద కూసొని, అవ్వ తెచ్చిచ్చిన చాయ సాసర్ల పోసుకొని ఊదుకుంటూ, పెద్దక్షరాల వార్తలు గల్లీకంతా వినబడేటట్టు చదివేవాడు. చదివి ఊకునేవాడు కాదు. "మరి గిట్లయితే రేపు ఏమైతది?" అని అడిగేవాడు. నీళ్ల వంతు రావాల్సిన ఆడోళ్లు, కొత్తవాడలో మగ్గాల మీదికి పొయ్యేవాళ్లు, భుజాన బడి సంచులతో మేము, ఎవరికి తోచింది వాళ్లం చెప్పాల్సిందే.

1977 అక్టోబరులో హైదరాబాద్ దూరదర్శన్ మొదలైందని చదివిన పొద్దు అవ్వ చాలాసేపు ఆలోచించింది. "వార్తలు చదివే పిల్ల మనింట్ల మనకు కనబడ్తదంటే, మనం గూడ ఆ పిల్లకు కనబడ్తం గద" అన్నది. ఇంట్లోకి టీవీ వచ్చినంక మగోళ్లు ఉత్త బనీన్ల మీద కూసునుడు బందని అప్పుడే కట్టడి చేసింది. మా గల్లీకి టీవీ రావడానికి ఇంకా ఏళ్లు పట్టింది గానీ, కట్టడి మాత్రం ఆనాటి నుంచే నడిచింది.

1978 జనవరిలో 1000, 5000, 10000 రూపాయల నోట్లు రద్దయ్యాయి. వాటిని కళ్లచూసినవాళ్లు మా దగ్గర ఎవరూ లేరు. అయినా అవ్వ కొంగు ముడి విప్పి చూసుకున్నది. నిజాం కాలపు హాలి సిక్కా పోవడం చూసిన మనిషి మరి. "గియ్యాల పెద్దయి పోయినయి, రేపు చిన్నయి పోతయి. నోటు చెల్లకున్నా చింతపండు చెల్లుతది" అని, ఉన్న పైసలకు చింతపండు కొనుక్కొచ్చి, గింజలు తీసి, ఉప్పేసి కుండకెత్తింది. ఆ వారమంతా ఇల్లు పుల్లపుల్లగా వాసనొచ్చింది. 2016 నవంబరులో చేతిలో 500 నోట్లు పట్టుకొని బ్యాంకు ముందర నిలబడ్డప్పుడు నాకు ఆ కుండే యాదికొచ్చింది.

అన్నిటికన్నా ఎక్కువ రోజులు మాట్లాడుకున్నది స్కైలాబ్ సంగతి. అమెరికా 1973లో ఆకాశంలోకి పంపిన 77 టన్నుల ప్రయోగశాల 1979 జూలైలో కూలిపోతుందని, ఎక్కడ పడేదీ ముందే చెప్పలేమని పేపర్లు రాశాయి. పల్లెల్లో జనం ఎట్లాగూ పోతామని మేకలు, కోళ్లు కోసుకొని తిన్నారు. ఆషాఢమని పుట్టింటికి పోయిన కొత్త కోడలిని, పోతే అందరం ఒక్కచోటనే పోదామని అత్త మళ్లీ పిలిపించుకున్న ఇల్లు మా గల్లీలోనే ఉంది. చిన్నాయిన రోజూ శబ్దానుశాసన ఆంధ్ర భాషా నిలయంలో పేపర్లన్నీ తిరగేసి వచ్చి, భూమ్మీద నీళ్లే ఎక్కువ, సముద్రంలోనే పడుతుందని నచ్చచెప్పేవాడు. వినేదెవరు? కోటలో తోరణాల మీద పడితే కాకతీయులు కట్టింది చెక్కుచెదరదని ఒకరు, పడ్డ ఇనుముతో మిల్లుకు కొత్త మిషన్లు చేయొచ్చని ఒకరు. నేను మా బడి మీద పడితే బాగుండునని అన్నాను, ఆదివారం నాడు, ఎవరూ లేనప్పుడు.

పెద్దబాపు మాత్రం భద్రకాళి చెరువులోనే పడుతుందన్నాడు. "పడ్డదనుకో, బల్దియోళ్లు ఊకుంటరా? చెరువుల చెత్త పారబోసినందుకు అమెరికాకు జుర్మానా రాస్తరు. రశీదు బుక్కు పట్టుకొని అక్కడిదాక ఎవరు పోవాలె?" ఇంటిపన్ను వసూలుకు వచ్చే గుమస్తానే పంపాలని గల్లీ ఒక్క మాటయింది. అవ్వ అప్పటికప్పుడు ఆయనకు దారిబత్తెం కూడా నిర్ణయించింది. సర్వపిండయితే రెండు రోజులు ఆగుతదట, నువ్వులు, పల్లీలు దండిగా వేసి, గిన్నెకు పలుచగా ఒత్తి, బొక్కలు పెట్టి నూనె పోసి, కరకర కాలిస్తే.

జూలై 11 రాత్రి వాకిట్లో నులక మంచాలు వేసుకొని, పిల్లలం నిద్రపోకుండా ఆకాశం చూశాం. ఆ రాత్రే అది హిందూ మహాసముద్రంలోనూ, పశ్చిమ ఆస్ట్రేలియాలోనూ ముక్కలుగా పడిపోయింది. దసరాకు ఇల్లు సర్దినప్పుడు స్కైలాబ్ పేపర్లు అలమార అరల్లోకి, ఇత్తడి గిన్నెల కిందికి చేరాయి. ఏటా పాత కాగితాలు తీసి కొత్తవి పరిచేటప్పుడు, నూనె మరకల మధ్య పాత వార్తలు చదువుకొని, ఎవరి జోస్యం నిజమైందో అవ్వ ముందర తేల్చుకునేవాళ్లం. అన్ని జోస్యాలు చెప్పుకున్నాం గానీ, 1934 నుంచి నడుస్తున్న ఆ మిల్లు ఒకరోజు మూతపడుతుందని ఎవరి నోటా రాలేదు.

చానా ఏళ్లకు తెలిసింది. ముక్కలు పడ్డ చోట, ఆస్ట్రేలియాలోని ఎస్పెరన్స్ అనే ఊరి బల్దియా, చెత్త వేసినందుకు నాసాకు నిజంగానే 400 డాలర్ల జుర్మానా రాసిందట! పెద్దబాపు అప్పటికి లేడు. హనుమకొండలో ఉంటున్న చిన్నాయినకు ఫోన్ చేసి చెబితే పడీపడీ నవ్వాడు. నవ్వు ఆగినంక ఒకటే అడిగిండు: "మరి పైసలు వసూలైనయా?"

2009లో అమెరికాలో ఒక రేడియో ఆయన, తన శ్రోతల దగ్గర చందా పోగుచేసి కట్టిండని చెప్పిన.

"ముప్పయి ఏండ్లా? మన గుమస్తా అయితే సర్వపిండి ఒడిసేలోపల వసూలు చేసుకొస్తుండె" అన్నాడు చిన్నాయిన.