చివరివాడుగా వెళ్ళి...

మన కృష్ణాతీరపు ఊళ్ళలో ఐసు అనగానే చేపల బుట్ట గుర్తుకు వస్తుంది. ఫ్యాక్టరీ నుండి దిమ్మె తెచ్చి, రంపపు పొట్టు కప్పి, పగలగొట్టి వాడుకోవడమే మనకు తెలుసు. ఆ ఐసు మీద పరుగెత్తడమే జీవితంగా పెట్టుకున్నవారు కూడా లోకంలో ఉన్నారు. వారిలో ఒకని సంగతి మన కుటుంబాలకు, ముఖ్యంగా పరీక్ష తప్పిన పిల్లలున్న తల్లిదండ్రులకు, తెలియాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

ఆ ఆటను షార్ట్ ట్రాక్ స్పీడ్ స్కేటింగ్ అంటారు. 1992 నుండి ఒలింపిక్స్‌లో దీనికి పతకాలు ఇస్తున్నారు. బూటు అడుగున పొడవాటి ఉక్కు బ్లేడు ఉంటుంది. ఒక్క చుట్టు సుమారు 111 మీటర్లు. వెయ్యి మీటర్ల పోటీ అంటే తొమ్మిది చుట్లు. ఒకటిన్నర నిమిషంలో ముగిసిపోతుంది. నలుగురైదుగురు ఒకరినొకరు రాసుకుంటూ, మలుపులో చేయి ఐసుకు ఆనేటంతగా ఒరిగి పరుగెత్తుతారు. ఒకడు జారితే పక్కవాణ్ణి కూడా పడగొడతాడు.

మన తెలుగువారిలోనూ స్కేటింగ్‌లో పేరు తెచ్చుకున్నవారున్నారు. హైదరాబాదుకు చెందిన అనూప్ కుమార్ యామ చక్రాల బూట్లతో 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడలలో రెండు కాంస్య పతకాలు గెలిచి, 2015లో అర్జున అవార్డు పొందాడు. తెలంగాణ అమ్మాయి నయనశ్రీ తాళ్లూరి 2025లో లేహ్‌లో జరిగిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలలో ఐసు మీదనే స్వర్ణం గెలిచింది.

ఇక నేను చెప్పదలచినవాని పేరు స్టీవెన్ బ్రాడ్‌బరీ. ఆస్ట్రేలియా దేశస్థుడు. 1994 ఒలింపిక్స్‌లో జట్టుతో కలిసి రిలేలో కాంస్యం తెచ్చాడు. శీతాకాల ఒలింపిక్స్‌లో ఆ దేశానికి అదే మొదటి పతకం. అదే సంవత్సరం మాంట్రియల్ పోటీలో మరొకరి బ్లేడు అతని తొడను కోసేసింది. నాలుగు లీటర్ల రక్తం పోయింది. 111 కుట్లు పడ్డాయి. కోలుకుని మళ్ళీ ఐసు మీదికి వెళ్ళాడు. 2000లో సాధన చేస్తూ పడి మెడ ఎముక విరిగింది. తలకు మరలు బిగించి ఆరు వారాలు కదలకుండా ఉంచారు. ఇక ఆడలేవన్నారు వైద్యులు. అయినా 2002లో సాల్ట్‌లేక్ సిటీకి వెళ్ళాడు. అది అతనికి నాలుగవ ఒలింపిక్స్.

క్వార్టర్ ఫైనల్‌లో మూడవవాడుగా వచ్చాడు. ముందున్న ఒకనిపై అనర్హత వేటు పడగా సెమీఫైనల్‌కు చేరాడు. అక్కడ ముందువారు పడిపోగా ఫైనల్‌కు చేరాడు. ఫిబ్రవరి 16న ఫైనల్‌లో ఐదుగురు. బ్రాడ్‌బరీ అందరికంటే వెనుక ఉన్నాడు. చివరి మలుపులో ముందున్న నలుగురూ ఒకరి మీద ఒకరు పడ్డారు. వెనుకనున్నవాడు నిలబడే వచ్చి గీత దాటాడు. దక్షిణార్ధగోళానికి శీతాకాల ఒలింపిక్స్‌లో అదే మొదటి స్వర్ణం. రెండవవాడైన అమెరికా వీరుడు ఓనో కాళ్ళకున్న బూట్లు కూడా బ్రాడ్‌బరీ కంపెనీవే!

ఈ సంగతి నేను మా అక్క కొడుకుకు చెప్పాను. వాడు కానిస్టేబుల్ ఉద్యోగం కోసం 1600 మీటర్ల పరుగుకు తయారవుతూ, తెల్లవారుజామున ఇబ్రహీంపట్నం నుండి కొండపల్లి దాకా పరుగెత్తేవాడు. ఒకనాడు రాత్రి పని నుండి వస్తుండగా రింగు సెంటరు దగ్గర లారీ తగిలింది. తొడ ఎముకకు రాడ్ వేశారు. మంచంమీదనుండి వాడు నన్ను అడిగాడు:

"అందరూ పడిపోతే గెలిచాడు. అదేం గెలుపు పిన్నీ?"

"ఆ మాట అతణ్ణీ అడిగార్రా. ఆ ఒకటిన్నర నిమిషానికి కాదు, అంతకు ముందు పదేళ్ళు పడిన కష్టానికి ఈ పతకం తీసుకుంటానన్నాడు."

వాడు కాసేపు ఊరుకున్నాడు. "అతను లేచి నిలబడ్డాడు. నేను నిలబడకపోతే?" అన్నాడు. నాకు జవాబు తోచలేదు. అన్నం కలిపి పెట్టాను.

ప్రియులారా, కథ చక్కగా ముగిసిందని వ్రాయలేను. వాడు కర్ర పట్టుకుని నడిచేసరికి ఏడాది పట్టింది. కుంటి మిగిలింది. ఉద్యోగానికి వయస్సు దాటిపోయింది. ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేసే చిన్న దుకాణం పెట్టుకున్నాడు. ఎవరూ పిలవకుండానే రోజూ ఉదయం బడి ఆటస్థలానికి వెళ్ళి, పరుగు నేర్చుకునే పిల్లలకు వాచీ పట్టుకుని సమయం చెబుతాడు. ఎక్కడ ఊపిరి దాచుకోవాలో, ఎక్కడ అడుగు పెంచాలో వాడికి తెలిసినంతగా ఆ పిల్లలకు చెప్పేవారు మరొకరు లేరు.

బ్రాడ్‌బరీ కూడా పతకంతో ఆగిపోలేదు. 2023లో ఆస్ట్రేలియా సముద్రతీరంలో అలలలో కొట్టుకుపోతున్న నలుగురు అమ్మాయిలను ఒడ్డుకు చేర్చాడు. అప్పుడు చప్పట్లు కొట్టడానికి ప్రేక్షకులెవరూ లేరు.

ముందున్నవారు పడిపోవడం మన చేతిలో లేదు. మనకు మేలు జరిగితే అది దయ అనుకుని తల వంచుకుందాం. కాని ఆ దయ వచ్చే వేళకు మనం దారిలో ఉండాలి గదా! ఈ సంవత్సరం మీ ఇంట్లో ఎవరైనా తప్పి ఉంటే, ర్యాంకు ఎంత అని అడగడానికి ముందు, రేపు ఉదయం ఎన్ని గంటలకు లేపమంటావని అడగండి.