మెట్ట కృష్ణా సైలెన్సర్ షెడ్లు: ట్రాక్ మీదికి వెళ్లే కారు శబ్దాన్ని తగ్గించే పని

ఉమ్మడి కృష్ణా జిల్లాలో డెల్టా కాలువలు అందని మెట్ట ప్రాంతానికి నందిగామ, జగ్గయ్యపేట ముఖ్య పట్టణాలు. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనతో ఇవి ఎన్టీఆర్ జిల్లాలో చేరాయి గానీ, ఈ రెండు ఊళ్ల బతుకును నడిపించేది మాత్రం నిన్నటి 9వ నంబరు, నేటి 65వ నంబరు జాతీయ రహదారే. జయంతిపురం, ముక్త్యాల వైపు నుంచి సిమెంటు బస్తాలతో వచ్చే లారీలు, గుంటూరు యార్డుకు మిర్చి టిక్కీలు మోసే వాహనాలు, పత్తి సీజనులో జిన్నింగు మిల్లుల ముందు బారులు తీరే ట్రాక్టర్లు ఈ దారిమీదే తిరుగుతాయి కనుక, వాటి మరమ్మతుల కోసం రోడ్డు వెంట రేకుల షెడ్లు వెలిశాయి. టైర్లు, కమాన్‌కట్టలు, రేడియేటర్లు చూసే షెడ్ల మధ్య సైలెన్సర్ పని చేసేవీ కొన్ని ఉన్నాయి. ఆ చేతులకున్న పనితనం, రేసు ట్రాక్ మీద పరుగెత్తే కారు శబ్దాన్ని తగ్గించడానికి ఎంతవరకు అక్కరకు వస్తుందో పరిశీలించడమే ఈ పర్యటన ఉద్దేశం.

ట్రాక్ మీద కారుకు శబ్దం ఎందుకు తగ్గాలి అన్న ప్రశ్న సహజమే. ఇంగ్లండులో 1907లో ప్రారంభమైన బ్రూక్‌లాండ్స్ ట్రాక్ చుట్టూ ఇళ్లున్నవారు మోత భరించలేక కోర్టుకెక్కడంతో, 1920ల మధ్యనాటికే అక్కడ ప్రతి కారుకూ నిర్ణీత కొలతల సైలెన్సర్ తప్పనిసరి అయింది. నేటికీ కాలిఫోర్నియాలోని లగూనా సెకా ట్రాక్‌లో చాలా రోజుల్లో పరిమితి 90 డీసిబెల్స్ చుట్టుపక్కలే ఉంటుంది. దాటిన కారును పరుగు నుంచి పంపేస్తారు. ఆటోక్రాస్ సంగతి మరింత సున్నితమైనది. ఖాళీ మైదానంలోనో పాత రన్‌వే మీదనో కోన్లు నిలబెట్టి గీసిన వంకర దారిలో ఒక్కొక్క కారునే గడియారంతో పోటీపడేలా నడిపించే ఈ క్రీడ తరచు ఊరికి దగ్గరగానే జరుగుతుంది కాబట్టి, ఇరుగుపొరుగు విసిగితే ఆ మైదానం మళ్లీ దొరకదు. తెలుగువారికి దగ్గరలోని పెద్ద ట్రాకులు చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టైలోను, కోయంబత్తూరు పక్కన చెట్టిపాళయంలోను ఉన్నాయి. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదు హుస్సేన్‌సాగర్ ఒడ్డున విద్యుత్ కార్ల ఫార్ములా-ఈ పోటీ జరిగినప్పుడు మోత లేకుండానే వేగం ఎంత ఉంటుందో వేలమంది కళ్లారా చూశారు. పెట్రోలు కారును ఆ స్థాయికి తేలేకపోయినా, ఆ దిశగా కొంతదూరం తేవడం సాధ్యమే.

షెడ్డులో మొదట కళ్లబడేది కోసి పెట్టిన పాత లారీ సైలెన్సర్. కటింగు మిషనుతో నిలువునా చీల్చిన ఆ డబ్బాలో నల్లటి మసి దళసరిగా పేరుకుని ఉంటుంది. మధ్యలో ఒళ్లంతా చిల్లులున్న జాలీ పైపు, దానికి అడ్డంగా రెండు మూడు రేకు గోడలు, గోడ నుంచి గోడకు వాయువును తిప్పి పంపే పొట్టి పైపులు కనిపిస్తాయి. మేస్త్రి స్క్రూడ్రైవరు కొనతో మసి గీకి తుప్పు ఎక్కడ తిన్నదో చూసి, అదే మందం రేకును అదే కొలతకు చుట్టి, గోడలను పాత స్థానాల్లోనే నిలిపి వెల్డింగ్ చేస్తాడు. గోడల మధ్య దూరం వేలెడు మారినా లారీ స్వరం మారుతుందని అతడికి అనుభవం మీద తెలుసు. ఇక్కడ గమనించవలసిన విషయం ఏమంటే, శబ్దశాస్త్రం సూత్రాల్లో రాసే సంగతినే ఆ షెడ్డు చెవితోను చేత్తోను పాటిస్తున్నది.

సైలెన్సర్లు ప్రధానంగా రెండు రకాలుగా పనిచేస్తాయి. మొదటిది వ్యాకోచ పేటిక, అంటే సన్నని పైపు ఒక్కసారిగా వెడల్పు డబ్బాలోకి తెరుచుకున్నప్పుడు శబ్దతరంగంలో కొంతభాగం వెనక్కి మళ్లి, ఎదురు వచ్చే తరంగాన్ని చెరిపివేసే ఏర్పాటు. డబ్బా వ్యాసం పైపుకు రెండింతలైతే, పేటిక అన్నిటికన్నా బాగా పట్టే స్వరం దగ్గర ఆరున్నర డీసిబెల్స్ తగ్గితే, మూడింతలైనప్పుడు 13 డీసిబెల్స్ దాకా తగ్గుతుందని లెక్క చెబుతుంది. డీసిబెల్ లెక్క కూడికలా నడవదు. మూడు తగ్గితే శబ్దశక్తి సగమైనట్టు, పది తగ్గితే పదో వంతు మిగిలినట్టు. రెండోది శోషణ పద్ధతి: జాలీ పైపు చుట్టూ గ్లాస్ వూల్ కూరితే, చిల్లుల గుండా దూరిన తరంగం ఆ పీచులో రాపిడికి లోనై వేడిగా మారిపోతుంది. వాయువుకు అడ్డు లేకుండా తిన్నని దారి ఉంటుంది కాబట్టి రేసు కార్లవాళ్లకు ఇదంటే ఇష్టం. అయితే ఇది కీచుమనే హెచ్చు స్వరాలను మింగినంత బాగా గుమ్మనే తగ్గు స్వరాలను మింగలేదు. పైగా ట్రాక్ వేడికి పీచు కాలి, పొడై, కొన్నాళ్లకు పైపు గుండానే బయటికి పోతుంది. అందుకే జాలీకి ఆనుకుని స్టీలు పీచు ఒక వరుస చుట్టి, దాని మీద గ్లాస్ వూల్ నింపడం మంచి పద్ధతి.

ఆటోక్రాస్‌కు సిద్ధం చేసే నాలుగు సిలిండర్ల చిన్న కారును ఉదాహరణగా తీసుకుంటే ఈ లెక్కలు స్పష్టమవుతాయి. నాలుగు స్ట్రోకుల ఇంజనులో ప్రతి రెండు చుట్లకు ఒక్కో సిలిండరు ఒక్కసారి పేలుతుంది కనుక, నిమిషానికి 4500 చుట్ల దగ్గర సెకనుకు 150 పేలుళ్లు, అంటే 150 హెర్ట్జ్ స్వరం పుడుతుంది. పైపులో వాయువు 400 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉంటే అందులో శబ్దవేగం సెకనుకు సుమారు 520 మీటర్లు. ఆ వేడిలో 45 సెంటీమీటర్ల పొడవున్న వ్యాకోచ పేటికకు 290 హెర్ట్జ్ దగ్గర గరిష్ఠంగా పట్టు దొరుకుతుంది గానీ, దానికి రెట్టింపు పౌనఃపున్యం దగ్గర అదే పేటిక స్వరాన్ని దాదాపు అలాగే వదిలేస్తుంది. ఒకే డబ్బాతో పని తీరకపోవడానికీ, పేటికనూ పీచునూ జోడించవలసి రావడానికీ కారణం ఇదే.

150 హెర్ట్జ్ దగ్గరి గుమ్మనే స్వరాన్ని మాత్రం పట్టుకునే ఉపాయం మరొకటి ఉంది. ప్రధాన పైపుకు పక్కగా, చివర మూసిన ఒక కొమ్మ పైపును అతికిస్తే, దాని పొడవు తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు అయినప్పుడు లోపలికి వెళ్లి తిరిగి వచ్చిన తరంగం సరిగ్గా వ్యతిరేక దశలో కలిసి ఆ ఒక్క స్వరాన్ని కొట్టివేస్తుంది. పై లెక్క ప్రకారం ఆ పొడవు 87 సెంటీమీటర్లు. అయితే మూసిన కొమ్మలో వాయువు కదలదు కాబట్టి చల్లబడుతుంది. 200 డిగ్రీలకు దిగితే శబ్దవేగం 436 మీటర్లకు పడిపోయి, అవసరమైన పొడవు 73 సెంటీమీటర్లే అవుతుంది. ఇంత తేడాను కాగితం మీద ముందుగా తేల్చడం కష్టం కనుక, కొమ్మ చివర మూతను వెంటనే అతికించకుండా లోపల జరిగేలా బిరడాగా అమర్చి, ఇంజను వేడెక్కాక ఆ బిరడాను ముందుకు వెనక్కు జరుపుతూ ఆ స్వరం ఎక్కడ అణగిపోతుందో అక్కడ గుర్తు పెట్టి వెల్డింగ్ చేయడం తెలివైన పని. దీనికి కావలసిన లోహం, పనిముట్లు, ఓర్పు నందిగామ, జగ్గయ్యపేటల్లోని షెడ్లలో ఉన్నాయి.

లేనిది శబ్దాన్ని కొలిచే మీటరు. షెడ్డులో తీర్పు చెప్పేది చెవి. చెవి స్వరంలో మార్పును బాగా పడుతుంది గానీ, మూడు డీసిబెల్స్ తగ్గిందో ఐదు తగ్గిందో చెప్పలేదు. ట్రాక్ దగ్గర అధికారి చూసేది అంకెనే. అనేక దేశాల్లో నిలకడ పరీక్షను, అంటే కారును కదలకుండా నిలిపి చేసే శబ్ద పరీక్షను, ఒకే తీరున చేస్తారు: పైపు మూతి నుంచి అర మీటరు దూరంలో, వాయువు వచ్చే దిశకు 45 డిగ్రీల కోణంలో, మూతి ఎత్తులోనే మైకు నిలబెట్టి, గరిష్ఠ శక్తి వచ్చే వేగంలో ముప్పాతిక వేగానికి ఇంజనును పెంచి మీటరు చదువుతారు. ఇంజనీరింగ్ విద్యార్థులు తయారుచేసే ఫార్ములా స్టూడెంట్ కార్లకు సైతం మైకును ఇదే దూరంలో, ఇదే కోణంలో ఉంచి చేసే పరీక్ష ఉంటుంది. బహిరంగ ప్రదేశంలో దూరం రెట్టింపైన ప్రతిసారీ సుమారు ఆరు డీసిబెల్స్ తగ్గుతాయి కనుక, ఏ అంకె చెప్పినా అది ఎంత దూరంలో కొలిచినదో చెప్పకపోతే దానికి అర్థం లేదు. కొందరు పైపు మూతిని నేలవైపు, లేదా మైకు లేని వైపు తిప్పి అంకె తగ్గిస్తారు. హెచ్చు స్వరాలకు దిశ ఉంటుంది కాబట్టి ఇది కొంత పనిచేస్తుంది, నియమం ఒప్పుకుంటే తప్పుకూడా కాదు. అయినా అది శబ్దాన్ని పక్కకు నెట్టడమే తప్ప తగ్గించడం కాదు.

శబ్దం తగ్గితే పికప్ పోతుందనే భయం ఈ దారి పొడవునా వినిపిస్తుంది. ఇంజను శక్తిని తినేది వాయువుకు తగిలే అడ్డు. శబ్దాన్ని ఆపడానికి ఎప్పుడూ అంత అడ్డు అక్కర్లేదు. తిన్నని జాలీ పైపు, తగిన వ్యాసం, నునుపైన బెండులు ఉంటే సైలెన్సర్ ఉన్నా శక్తి నష్టం స్వల్పమే. ఈ అపోహ వల్లనే బుల్లెట్ బండ్లకు ఇండోరీ సైలెన్సర్లు బిగించి, లోపలి గోడలు పీకేసి, రాత్రివేళ ఊరి మధ్య పటాకులు పేల్చినట్టు నడిపేవారు తయారయ్యారు. పసిపిల్లలున్న ఇళ్ల ముందు, ఆసుపత్రుల ముందు ఆ మోత క్రూరమైనది, దానికి సమర్థన లేదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 120వ నియమం ప్రతి వాహనానికీ శబ్దాన్ని తగ్గించే సైలెన్సర్ ఉండాలంటుంది. శబ్ద ప్రమాణాలను మీరి నడిపినవారికి మోటారు వాహనాల చట్టం 190వ సెక్షను కింద తొలి నేరానికే మూడు నెలల వరకు జైలు, పదివేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. నివాస ప్రాంతాల్లో రాత్రి పది దాటాక శబ్దం 45 డీసిబెల్స్ మించరాదని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. కాబట్టి ట్రాక్ కోసమే మార్చిన కారును రోడ్డు మీద నడపకుండా ట్రైలరు మీద తీసుకుపోవడం ఉత్తమం.

ఈ షెడ్లకు ఎవరూ అడగని సాయం ఒకటి చేయవలసి ఉంది. కంచికచర్ల, నందిగామ పరిసరాల్లోని ఇంజనీరింగ్ కళాశాలల మెకానికల్ విభాగాలు తమ శబ్దమాపకాన్ని ఒక్క రోజు షెడ్డుకు తెచ్చి, మేస్త్రి కట్టిన సైలెన్సర్‌ను అర మీటరు దూరంలో కొలిచి, గోడల దూరం, పైపు పొడవు, వచ్చిన అంకె ఒక పుస్తకంలో రాసి అక్కడే వదిలి రావాలి. ట్రాక్‌కు కారు తీసుకువెళ్లే యువకులు ఖరీదైన దిగుమతి సైలెన్సర్ కొనే ముందు ఆ పుస్తకం చూసి, మేస్త్రితో మాట్లాడి, ఆ తరువాతే డబ్బు ఖర్చు పెట్టాలని మనవి.