తెడ్డు బరువు

మన తెలుగులో పడవ నడిపేదీ తెడ్డే, అరిసెల పాకంలో పిండి కలిపేదీ తెడ్డే. ఈ పేరు పెట్టినవాళ్ళకి ఏటి సంగతీ వంటింటి సంగతీ రెండూ తెలిసే ఉంటాయి సుమండీ!

సియాటిల్‌లో ఉన్న మా అక్క కూతురు కయాక్ నేర్చుకుంటోంది. అంటే ఒక్క మనిషి కాళ్ళు చాపుకుని కూర్చునే సన్నపాటి పడవ. దాని తెడ్డుకి రెండు కొసలా రెక్కలుంటాయి. ఒకసారి కుడిపక్క, ఒకసారి ఎడమపక్క వేస్తూ పోవాలి.

"గంటయ్యేసరికి భుజాలు పడిపోతున్నాయి పిన్నీ! ఆయనేమో హాయిగా వేస్తారు. నాకే బలం లేదు, మానేస్తాను" అంది మొన్న ఫోనులో.

"నీ తెడ్డు ఎవరు కొన్నారే?"

"ఆయనే. ఇద్దరికీ ఒకటే రకం. చవగ్గా వచ్చాయిట."

"ఆయన ఆరడుగులు, నువ్వు అయిదడుగులు. చెప్పులు కూడా ఇద్దరికీ ఒకే సైజు కొన్నారా ఏమిటి?" అన్నాను.

పడవ బరువు నీళ్ళు మోస్తాయి. తెడ్డు బరువు చేతులే మొయ్యాలి. అల్యూమినియం కర్రకి ప్లాస్టిక్ రెక్కలు తగిలించిన చవక తెడ్డు కిలో, ఆపైన తూగుతుంది. ఫైబర్‌గ్లాస్‌ది సుమారు 900 గ్రాములు. కార్బన్ ఫైబర్‌ది 700 గ్రాముల దరిదాపు. ఆ 300 గ్రాముల తేడా ఏపాటిది అంటారా? నిమిషానికి 50 సార్లు వేస్తే గంటకి 3000 సార్లు. గుణించి చూడండి, 900 కిలోలు! పైగా ఆ బరువు రెక్కల్లో ఉందంటే మరీ కష్టం. కొస బరువైన గరిటె మణికట్టుని ఎలా లాగుతుందో మనకి తెలియనిదా?

అలాగని అందరూ కార్బన్‌దే కొనాలని కాదు. ఖరీదు మూడు నాలుగింతలుంటుంది. రాళ్ళున్న ఏట్లో దెబ్బలకి ఓర్చుకునేది ప్లాస్టిక్ రెక్కే. నెమ్మదైన సరస్సుకి ఫైబర్‌గ్లాస్ మధ్యేమార్గం. పొట్టివాళ్ళకి, సన్నని పడవకి 210, 220 సెంటీమీటర్ల పొడుగు చాలు. పడవ వెడల్పైతే 230, 240 కావాలి. చిన్న చేతులవాళ్ళ కోసం సన్నకాడ తెడ్లు వేరే వస్తాయి. అడిగితేనే చూపిస్తారు!

కయాక్‌ని పుట్టించిన ఉత్తరధ్రువపు ఇన్యుయిట్లు దాన్ని వేటగాడి ఒంటి కొలతలకే కట్టేవారు. పడవకి తొడిగే సీల్ చర్మాలు కుట్టేది ఆడవాళ్ళు. గ్రీన్‌లాండ్ తెడ్డు పొడుగుకి ఒక పాత లెక్క ఉంది. ఎవరి తెడ్డు వాళ్ళ బార మీద ఒక మూర. దుకాణం కొలత కాదు, మనిషి కొలత.

మనకేమో ఇస్త్రీపెట్టె దగ్గర్నుంచి సూట్‌కేసు దాకా ఎవరో ఎంచి తెస్తారు. మొయ్యలేకపోతే తప్పు మన చేతులదే అనుకుంటాం. ఎన్ని సరదాలు "నావల్ల కాదు" అంటూ ఇలాగే మానేశామో!

అందుకని, అమ్మాయిలూ, తెడ్డు కొనేముందు దుకాణంలోనే దాన్ని భుజాల ఎత్తున పట్టుకుని అయిదు నిమిషాలు గాల్లో తిప్పి చూడండి. అమ్మేవాళ్ళు నవ్వితే నవ్వనివ్వండి. నొప్పి వాళ్ళ భుజాలకి రాదుగా!