ఇంట నుంచవలసిన పుస్తకములు

పాతపుస్తకములు కొనుట సులభము. వానిని విడుచుటయే కష్టము. ఇరువది సంవత్సరములుగా ఆదివారము వచ్చినదన్న నా కాళ్లు హైదరాబాదునందలి ఆబిడ్సు కాలిబాటకే నడచుచుండెను. ఆ దినమున మూసియున్న దుకాణముల ముందర పఱచిన పుస్తకములలో నేడేమి దొరకునో యను నాశ జూదరి యాశ వంటిది. ఇట్లు చేరినవి సుమా రెనిమిది వందలు. మొన్న వేసవిలో మేము చిన్నయింటికి మాఱవలసి వచ్చెను. అందు నాలుగఱల బీరువా యొక్కదానికే చోటు కలదు. దానిలో పట్టునవి రెండు వందలకు మించవు.

ఏఱుట నా పనియే యనుకొంటిని. ఉపాధ్యాయుడను గదా! 1885లో వెలువడిన శబ్దరత్నాకరమును మొదట ఒకప్రక్క నుంచితిని. దాని చెంతనే బ్రౌనుదొరగారి నిఘంటువును. రెండేల యని యడుగవచ్చును. బ్రౌను తెలుగుమాటకు ఆంగ్లమున నర్థము చెప్పును. బహుజనపల్లి సీతారామాచార్యులవారు తెలుగుననే చెప్పిరి. చదువుకొను పిల్లలకు రెండును వలయును.

తరువాత హిందూ ధర్మశాస్త్రమును గూర్చిన న్యాయగ్రంథ మొకటి చేతికి వచ్చెను. తోలు అట్ట, బంగారు అక్షరములు. నిలుపుకొనవలెనని మనసు లాగెను. కాని యది 1956కు పూర్వ మచ్చయినది. ఆ యేటి వారసత్వ చట్టముగాని, ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు కుమారునితో సమానహక్కు నిచ్చిన 2005 నాటి సవరణగాని అం దెట్లుండును? చరిత్ర వ్రాయువానికి అది పనికివచ్చును. తన హక్కు తెలిసికొనగోరి తెఱచిన గృహిణికి తప్పుత్రోవ చూపును. పాతవైద్యగ్రంథములును ఇట్టివే. వీని చోటు గ్రంథాలయము, ఇల్లు గాదు.

కాగితమును గూడ పరీక్షించితిని. కొయ్యగుజ్జుతో చేసిన చవుకకాగితమున ఆమ్లము నిలిచియుండును. ఏండ్లు గడచినకొలది అది పసుపుబాఱి, తుదకు పుట త్రిప్పినచోటనే విఱుగును. పురుగు పట్టిన పుస్తక మొక్కటి చేరినచో బీరువా యంతయు చెడును. ఇట్లు చూచుచుండగా, అట్ట లేక, కుట్టు తెగిన పుస్తక మొకటి కనబడెను. అది కందుకూరి వీరేశలింగము పంతులుగారి స్వీయచరిత్రము. మంచిప్రతి యెప్పుడైన దొరకునని దానిని తూకమున కిచ్చు కట్టలో వేసితిని.

మఱునాడు ఆ కట్ట విప్పియుండెను. పుస్తకము నా భార్య యొడిలో నుండెను.

“ఇది ఇవ్వకండి. నేను మూడుసార్లు చదివాను” అని యామె యనెను.

స్త్రీవిద్యను గూర్చి ఏటేట పాఠశాల సభలలో ఉపన్యసించువాడను! పదునెనిమిదేండ్ల కాపురమున ఆమె యేమి చదువుచున్నదో ఒక్కనాడును అడిగియుండలేదు. “పంతులుగారి చరిత్ర నీ కంత నచ్చినదా?” యంటిని.

“ఆయన కోసం కాదండీ, రాజ్యలక్ష్మమ్మగారి కోసం.”

1881 డిసెంబరు 11వ తేదీని రాజమహేంద్రవరమున పంతులుగారు మొదటి వితంతువివాహము జరిపించిరి. ఊరి ఛాందసులు వారిని వెలివేసిరి. వంటవారును, నీళ్లు తెచ్చువారును పని మానివేసిరి. అప్పుడు వారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు తామే వండి, తామే గోదావరినుండి నీళ్లు మోసిరి. ఈ సంగతిని నేను తరగతిలో ఎన్నియో మాఱులు చెప్పితిని. ఒక్కవాక్యమున చెప్పి దాటిపోయితిని. నా భార్య యా వాక్యముకడ నిలిచినది. నే నుపన్యసించు దినములలో మా యింట నీళ్లు తోడిన దెవరో నా కపుడు తోచెను. సిగ్గుపడితిని.

ఆ సాయంకాలము నే నేఱినదంతయు మరల క్రింద బెట్టితిని. ఇంటిలో నలుగురము, ఎవరి యఱ వారిదని నిశ్చయించుకొంటిమి. మా అమ్మగారు పెద్దయక్షరముల భాగవతమును, మా అమ్మాయి నక్షత్రములను గూర్చిన పుస్తకములను తీసికొనిరి. నా పాలికి ఏబది మాత్రమే రాగా, ఇన్నాళ్లును చదువక యలంకారముగా దాచుకొన్నవే నాయొద్ద నెక్కువని తెలియవచ్చెను. అరుదైనవానిని గ్రంథాలయమున కిచ్చితిని. పాత తెలుగుగ్రంథములు పెక్కు ఇప్పుడు అంతర్జాలమున ఉచితముగా చదువ దొరకుచున్నవి గనుక బెంగ కొంత తగ్గినది. చినిగిన స్వీయచరిత్రమునకు నేనే కుట్టు వేసి, అట్ట కట్టి, నా భార్య యఱలో నుంచితిని.

చదువరులకు నా మనవి యొక్కటి. పాతపుస్తకములు ఏఱునపుడు, ఇది యెంత విలువైనదని యడుగుటకు ముందు, దీనిని మన యింట ఎవరు తెఱతురని యడుగుడు. సమాధానమును మీరే యూహించుకొనకుడు, ఇంటివారినే యడుగుడు.